చదవడం వచ్చినా పాఠం ఎందుకు అందదు? సమాచార పాఠాల అమరికపై ఒక పరిశీలన

సంక్షిప్తంగా: కథ ఎలా సాగుతుందో పిల్లలకు ఇంట్లోనే తెలుస్తుంది. సమాచారం చెప్పే పాఠం ఎలా సాగుతుందో మాత్రం ఎవరో ఒకరు చూపించాలి. వర్ణన, వరుసక్రమం, పోలిక, కారణం–ఫలితం, సమస్య–పరిష్కారం వంటి అమరికలను గుర్తుపట్టే విద్యార్థికి చదివింది ఎక్కువగా నిలుస్తుందని ఐదు దశాబ్దాల పరిశోధన చెబుతోంది. తెలుగులో ఆ అమరికను పట్టించే గుర్తుల్లో ఎక్కువ భాగం క్రియ చివర ఉంటాయి. వాటిని మన బడులు వ్యాకరణం కింద నేర్పుతున్నాయి, చదవడానికి పనికొచ్చే సాధనంగా కాదు.

సమస్య ఎక్కడ మొదలవుతుంది

తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో 2022లో ఒకటి నుంచి ఐదు తరగతులకు ‘తొలిమెట్టు’, ఆ మరుసటి ఏడాది ఆరు నుంచి తొమ్మిది తరగతులకు ‘ఉన్నతి’ కార్యక్రమాలు మొదలయ్యాయి. పిల్లలు ధారాళంగా చదవగలగాలన్నది తొలిమెట్టు లక్ష్యాల్లో ముఖ్యమైనది. 2024 డిసెంబరు 4న మూడు, ఆరు, తొమ్మిది తరగతుల విద్యార్థులకు దేశవ్యాప్తంగా, అభ్యసన స్థాయిని కొలిచే పరఖ్ సర్వే జరిగింది. ఇలాంటి సర్వే ఫలితాలు వచ్చినప్పుడల్లా చర్చ ‘పిల్లలకు చదవడం వచ్చా, రాదా’ అన్న ఒక్క ప్రశ్న దగ్గరే తిరుగుతుంది.

ఉపాధ్యాయులను ఇబ్బంది పెడుతున్నది దాని తర్వాతి మెట్టు. ఏడో తరగతి విద్యార్థి కథానికను తడబడకుండా చదివి ఎవరు ఎవరిని ఎందుకు మోసం చేశారో వరుసగా చెప్పగలడు. అదే విద్యార్థికి కాకతీయుల గొలుసుకట్టు చెరువుల గురించి రెండు పేజీలు ఇస్తే, చదివాక గణపతిదేవుడి పేరు, ఒకటి రెండు సంవత్సరాలు, ‘పాఖాల’ అన్న మాట చెప్పి ఆగిపోతాడు. అక్షరాలన్నీ చదివాడు, మాటలకు అర్థాలూ తెలుసు. ఆ పేజీల్లో ఏ వాక్యం దేనికి ఆధారమో, ఏది అసలు మాటో, ఏది ఉదాహరణో తెలియలేదు. అన్ని వాక్యాలూ అతనికి ఒకే బరువుతో కనిపించాయి.

కథ దగ్గర ఈ ఇబ్బంది ఎందుకు లేదంటే, దాని నడక చదువు రాకముందే వచ్చేస్తుంది. సమ్మక్క సారలమ్మల వీరగాథ విని పెరిగే పిల్లలకు ఒక కష్టం రావడం, ఎదిరించడం, చివరికి ఏదో తేలడం అన్న క్రమం కొత్త కాదు. సమాచార పాఠానికి అలాంటి పరిచయం ఇంట్లో దొరకదు. పైగా దానికి ఒకే నడక ఉండదు.

ఒకే చెరువు, ఐదు పాఠాలు

అమరిక అంటే ఏమిటో చూడటానికి వరంగల్ పిల్లలకు తెలిసిన వస్తువు చాలు.

‘పాఖాల చెరువు వరంగల్ జిల్లా ఖానాపురం మండలంలో ఉంది. చుట్టూ అడవి, గుట్టలు ఉన్నాయి. కట్ట, తూములు, మత్తడి దాని ప్రధాన భాగాలు.’ ఇది వర్ణన. వాక్యాల వరుస మార్చినా నష్టం లేదు.

‘మొదట పై చెరువు నిండుతుంది. నిండాక నీరు మత్తడి మీదుగా వాగులోకి దిగుతుంది. అక్కడి నుంచి కింది చెరువుకు చేరుతుంది.’ ఇది వరుసక్రమం. వాక్యాలు అటూ ఇటూ మారిస్తే నీరు ఎదురెక్కుతుంది.

‘పై చెరువుకు గండి పడితే నీరంతా ఒక్కసారిగా కింది చెరువు మీద పడుతుంది. దాని కట్ట ఆ ఒత్తిడికి ఆగకపోతే మూడో చెరువుకూ ముప్పే.’ ఇక్కడా వరుస ఉంది. అయినా ఏది ముందు, ఏది వెనుక అన్నది మాత్రమే తెలిస్తే సరిపోదు. ఒకటి మరొకదాన్ని కలిగిస్తోంది. పిల్లలు ఎక్కువగా తికమకపడేది ఈ రెండింటి మధ్యనే.

‘పూడిక పేరుకుపోయి చెరువుల్లో నిల్వ సామర్థ్యం తగ్గింది. 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద పూడిక తీసి ఆ మట్టిని పొలాలకు తరలించారు.’ ఇది సమస్య, పరిష్కారం. కారణం–ఫలితానికి దగ్గరి బంధువే గానీ, ఇందులో ఒకరు నిర్ణయం తీసుకుని చేసిన పని ఉంది.

‘చెరువు నీరు ఊరందరిదీ, బోరు నీరు వేయించుకున్నవారిది. చెరువు ఎండితే కంటికి కనిపిస్తుంది. బోరు ఎండుతున్న సంగతి మోటారు నీళ్లకు బదులు గాలి పోసేదాకా తెలియదు.’ ఇది పోలిక.

ఐదింటిలోనూ విషయం నీళ్లే. కానీ ప్రతి పాఠమూ చదివేవారి నుంచి వేరే పని ఆశిస్తుంది. మొదటిదాంట్లో భాగాలను గుర్తుంచుకోవాలి, రెండోదాంట్లో వరుసను, మూడోదాంట్లో లంకెను పట్టుకోవాలి. ఏ పని చేయాలో ముందే తెలిసిన విద్యార్థి దారి వెతుక్కోవడంలో అలసిపోడు.

వాక్యాలు కత్తిరించి కలిపేసి ‘మళ్లీ వరుసలో పెట్టండి’ అనే పాత అభ్యాసం విలువ ఇక్కడ తెలుస్తుంది. ఎన్ని రకాలుగా పెట్టినా అర్థం నిలిచే పేరా వర్ణన అయ్యే అవకాశం ఎక్కువ. ఒకే ఒక్క విధంగా మాత్రమే నిలిచేది క్రమమో కారణమో అవుతుంది. రకం పేరు చెప్పించకుండానే అమరికను చేతికి అందించే పద్ధతి ఇది.

జ్ఞాపకంలో ఏమి జరుగుతుంది

ఈ రంగంలో ఎక్కువగా వినిపించే పేరు అమెరికా పరిశోధకురాలు బానీ మేయర్. గద్యం అమరికకూ జ్ఞాపకానికీ ఉన్న సంబంధంపై ఆమె గ్రంథం 1975లో వచ్చింది. 1980లో సహచరులతో కలిసి తొమ్మిదో తరగతి విద్యార్థులపై ప్రచురించిన అధ్యయనంలో రెండు సంగతులు బయటపడ్డాయి. చదివింది తిరిగి రాసేటప్పుడు రచయిత వాడిన అమరికనే వాడుకున్నవారికి ఎక్కువ గుర్తుంది. అలా వాడుకున్నవారు సగానికన్నా తక్కువ మందే. అంటే తొమ్మిదో తరగతికి వచ్చినా ఈ నైపుణ్యం దానంతటదే రాలేదు.

దీని వెనుక పనిచేసే తీరును 1978లో వాల్టర్ కించ్, ట్యూన్ వాన్ డైక్ ప్రతిపాదించిన అవగాహన నమూనా వివరిస్తుంది. చదివేటప్పుడు మనసు ఒక్కసారి కొన్ని భావాలను మాత్రమే పట్టి ఉంచగలదు. కొత్త వాక్యం రాగానే దాన్ని పాతదానితో కలపాలి, లేదా పాతదాన్ని వదిలేయాలి. ఏది పైస్థాయి భావమో తెలిసినవారు దాన్ని ఉంచుకుని వివరాలను దానికి తగిలిస్తారు. తెలియనివారు చివర చదివినదాన్నో వింతగా తోచినదాన్నో ఉంచుకుంటారు. చెరువుల పాఠం చదివిన పిల్లవాడికి రాజు పేరు, సంవత్సరం మిగలడం ఇందుకే. అది శ్రద్ధ లోపం కిందకు రాదు.

తెలుగులో గుర్తులు క్రియ చివర

ఇంగ్లిషు బడుల కోసం తయారైన పద్ధతుల్లో సంకేత పదాల పట్టిక తప్పనిసరిగా ఉంటుంది. ఏ పదం కనిపిస్తే కారణం, ఏ పదం కనిపిస్తే పోలిక అని గోడకు అంటిస్తారు. ఆ పట్టికను అనువదించి ‘ఎందుకంటే, అందువల్ల, మొదట, తర్వాత, మరోవైపు’ అని రాసి మన తరగతిలో అంటిస్తే సగం పనే జరుగుతుంది. తెలుగు గద్యంలో వాక్యాలను కలిపే పనిని విడి పదాలకన్నా క్రియల చివరి రూపాలే ఎక్కువగా చేస్తాయి.

‘వాన తగ్గితే నాట్లు ఆగుతాయి’లో షరతు ‘తే’లో ఉంది. ‘వాన తగ్గినా నాట్లు ఆగలేదు’లో ఎదురు భావమంతా ఒక్క ‘నా’ మోస్తోంది. ఆ దీర్ఘాన్ని జారవిడిచి చదివిన విద్యార్థికి పేరా మొత్తం తలకిందులవుతుంది. ‘ఎరువు వేస్తూ కలుపు చూశారు’లో రెండు పనులూ ఒకే సమయంలో జరిగాయి. ‘ఎరువు వేసి కలుపు చూశారు’లో ఒకటి ముగిశాక మరొకటి.

చిక్కు ఎక్కువగా ఉన్నది క్త్వార్థకం దగ్గర, అంటే ‘వేసి’, ‘వెళ్లి’ వంటి రూపాల దగ్గర. ‘రైతు ఎనుమాముల మార్కెట్‌కు వెళ్లి మిర్చి అమ్మాడు’ అన్నది వట్టి వరుస. ‘కట్ట తెగి పొలాలు మునిగాయి’ అన్నది కారణం. రూపం ఒకటే, లంకె వేరు. క్త్వార్థకంతో కలిసే రెండు పనులకూ కర్త ఒకరే ఉండాలని వ్యాకరణ పుస్తకాలు చెబుతాయి. వాడుక దాన్ని ఎప్పుడో దాటింది. అలా దాటినచోటే మంచి ఆనవాలు దొరుకుతుంది: కర్తలు వేరైనప్పుడు, అంటే తెగింది కట్ట, మునిగింది పొలాలు అయినప్పుడు, ఆ వాక్యం చాలావరకు కారణాన్నే చెబుతుంది. తరగతి గదిలో ఇంత తేలికగా చూపించగల ఆనవాలు మరొకటి ఉండటం కష్టం.

పత్రికల భాషలో విస్తరించిన ‘డంతో’ కూడా ఇలాంటిదే. ‘చీకటి పడటంతో పని ఆపేశారు’ అంటే చీకటి కారణమా, సమయమా? ఆ చోట ‘వల్ల’ పెట్టి ఒకసారి, ‘తర్వాత’ పెట్టి ఒకసారి చదివించి, ఏది సరిగ్గా కుదిరిందో పిల్లలనే తేల్చమంటే చర్చ పుడుతుంది. ఆ చర్చే అమరికను గుర్తుపట్టే శిక్షణ.

క్త్వార్థకం (వేసి), శత్రర్థకం (వేస్తూ), చేదర్థకం (తగ్గితే), అప్యర్థకం (తగ్గినా) మన ఉన్నత పాఠశాల పాఠ్యక్రమంలో ఇప్పటికే ఉన్నాయి. పిల్లలు ఆ పేర్లు కంఠస్థం చేస్తారు. ‘కింది వాక్యాలను సంశ్లిష్ట వాక్యంగా మార్చండి’ అన్న ప్రశ్నకు జవాబు రాస్తారు. భాషాంశాల కింద మార్కు తెచ్చుకున్నాక ఆ జ్ఞానం పుస్తకం మూతపడినట్టే. సాంఘిక శాస్త్రం పాఠంలో అదే చేదర్థకం ఎదురైనప్పుడు, ఇది తాము నేర్చుకున్నదేనని వారికి తోచదు. తోచేలా చేయడం ఎవరి పనీ కాలేదు.

ద్విభాషా పుస్తకాలు మరో పొర చేర్చాయి. 2022–23లో ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిషు మాధ్యమాన్ని విస్తరించినప్పుడు ఒక పేజీ ఇంగ్లిషులో, ఎదుటి పేజీ తెలుగులో ఉండేలా పుస్తకాలు వచ్చాయి. ఇంగ్లిషు వాక్యం తరచుగా ఫలితాన్ని ముందు చెప్పి కారణాన్ని వెనుక తెస్తుంది. తెలుగు వాక్యంలో ఎక్కువగా కారణం ముందు వస్తుంది, ఫలితం క్రియతో ముగుస్తుంది. రెండు పేజీల మధ్య కళ్లు తిప్పే విద్యార్థి, ముందు వచ్చిందే కారణమని అనుకుంటే ఒక పేజీలో నెగ్గి రెండో పేజీలో తప్పుతాడు. ఇది భారమే. సరిగ్గా వాడుకుంటే బోధన పరికరం కూడా. ఒకే విషయం రెండు వరుసల్లో కళ్ల ముందుంటే కారణమేదో ఫలితమేదో గుర్తు పెట్టించడానికి ఉపాధ్యాయులు వేరే సామగ్రి వెతుక్కోవలసిన అవసరం లేదు.

బడిలో ఇది ఎందుకు కనిపించదు

తెలుగు పాఠ్యపుస్తకంలో ప్రతి పాఠానికీ ముందు ‘పాఠ్యభాగ వివరాలు’ ఉంటాయి. ఇది వ్యాసం ప్రక్రియకు చెందినది, ఇది లేఖ, ఇది కథానిక అని అక్కడ చెబుతారు. అందువల్ల అమరిక సంగతి ముగిసిందని అనిపించవచ్చు. ప్రక్రియ వేరు, అమరిక వేరు. ‘ఒక విషయాన్ని వివరంగా చెప్పేది వ్యాసం’ అన్న నిర్వచనం పరీక్షలో రాయవచ్చు గానీ, ఎదుట ఉన్న వ్యాసం పోల్చుతోందా, కారణాలు వెతుకుతోందా అన్నది దానితో తెలియదు.

రెండో అడ్డంకి పరీక్షల తీరు. అపరిచిత గద్యం ఇచ్చి ప్రశ్నలు అడగడం మంచి ఏర్పాటే. కానీ ‘పాఖాల చెరువును ఎవరు తవ్వించారు’ అని అడిగితే, ‘తవ్వించారు’ అన్న మాట ఉన్న వాక్యాన్ని వెతికి దించేస్తే మార్కు వస్తుంది. పేరా మొత్తం అర్థం కానవసరం లేదు. గైడ్లు ఈ పద్ధతిని ఇంకాస్త ముందుకు తీసుకుపోయి పాఠాన్ని ముందే ముక్కలు చేసి ప్రశ్న, జవాబులుగా అందిస్తాయి. అమరిక అన్నది ముక్కల మధ్య ఉండే సంగతి. ముక్కలే చదివినవారికి అది కనిపించదు.

మూడోది బాధ్యత ఎవరిదన్న ప్రశ్న. చదవడం నేర్పడం భాషోపాధ్యాయుల పని అని సాంఘిక, విజ్ఞాన శాస్త్రాల ఉపాధ్యాయులు భావిస్తారు. సమాచార పాఠాలు ఎక్కువగా ఉన్నది ఆ సబ్జెక్టుల్లోనే అని భాషోపాధ్యాయులు అంటారు. ఇద్దరి మాటా నిజమే. సిలబస్ పూర్తి చేయాలన్న ఒత్తిడీ ఇద్దరికీ సమానమే.

ఐదు పెట్టెల్లో పట్టనివి

అమరికలకు ఐదు పేర్లు పెట్టడం బోధనకు అనుకూలం. లోకంలోని పాఠాలు వాటికి లోబడి ఉండవు. పత్రికా వార్తనే తీసుకుంటే, 2023 జులై 27 తెల్లవారుజామున భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని వాగు ముంచెత్తిన వార్త ఊరు మునిగిన సంగతితో మొదలవుతుంది, తర్వాత జనాన్ని కాపాడిన తీరు వస్తుంది. ఆ వానల్లో పొరుగునే ఉన్న ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వర్షం పడిందన్న కారణం ఆ తర్వాత వస్తుంది. చెప్పిన వరుస, జరిగిన వరుస ఒకటి కాదు. కథలకు అలవాటుపడిన విద్యార్థి చెప్పిన వరుసనే జరిగిన వరుసగా తీసుకుంటాడు.

ఈ ప్రాంతంలో ఇళ్లకు నిజంగా చేరే సమాచార పాఠాలు మరో రకానివి. పత్తి కొనుగోలు నిబంధనలు అందుకు ఉదాహరణ. 2025–26లో పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 8,110 రూపాయలు. తేమ 8 శాతం వరకు ఉంటే పూర్తి ధర, అది దాటాక పెరిగిన తేమకు తగినట్టు కోత, 12 శాతం దాటితే ప్రభుత్వ కొనుగోలు సంస్థ సీసీఐ (భారత పత్తి సంస్థ) కొనదు. ఇది వర్ణన కాదు, క్రమం కాదు. నిబంధన, దానికి షరతు, ఆ షరతుకు హద్దు. పురుగుమందు డబ్బా మీది సూచనలు, విత్తన ప్యాకెట్ వెనుక రాత, బ్యాంకు కాగితం అన్నీ ఇదే అల్లికలో ఉంటాయి. పాశ్చాత్య పట్టికల్లో దీనికి విడిగా చోటు లేకపోయినా, పత్తి పండే మండలాల బడుల్లో ఇది ఆరో అమరికగా చేరడానికి పూర్తి అర్హత ఉంది. 10 శాతం తేమ ఉన్న పత్తికి ఎంత ధర వస్తుందని అడిగితే లెక్కకన్నా ముందు పాఠం చదవడం రావాలి. శాతానికి ఒక శాతం చొప్పున కోత పెడితే క్వింటాలుకు 160 రూపాయలకు పైగా తగ్గుతుంది.

ఈ బోధనకు ఉన్న హద్దులనూ పరిశోధనలే చూపించాయి. అమెరికాలో జోవానా విలియమ్స్ బృందం రెండో తరగతి పిల్లలకు జంతువుల పాఠాలతో పోలిక అమరికను నేర్పింది. 2005లో వెలువడిన ఫలితాల ప్రకారం పిల్లలు కొత్త పోలిక పాఠాలను బాగా అర్థం చేసుకున్నారు, జంతువుల గురించి తెలుసుకున్నదీ తగ్గలేదు. కానీ ఆ నైపుణ్యం వేరే అమరికలోని పాఠాలకు పాకలేదు. పోలిక నేర్పితే పోలికే వస్తుంది. తక్కినవి విడిగా నేర్పాల్సిందే.

విషయ పరిజ్ఞానం సంగతి కూడా ఉంది. 1988లో డోనా రెక్ట్, లారెన్ లెస్లీ చేసిన అధ్యయనంలో బేస్‌బాల్ ఆట గురించి బాగా తెలిసిన బలహీన పాఠకులు, ఆట తెలియని మంచి పాఠకులకన్నా ఆ ఆటపై రాసిన పేరాను మెరుగ్గా గుర్తుంచుకున్నారు. మత్తడి అంటే తెలిసిన పల్లె విద్యార్థికి గొలుసుకట్టు పాఠంలో ఉండే అనుకూలత, నగరంలోని తోటి విద్యార్థికి అమరికలన్నీ వచ్చినా ఉండకపోవచ్చు. అమరిక నేర్పితే చాలు, విషయం దానంతటదే వస్తుందన్న వాదన నిలవదు.

తరగతిలో పడే మార్పు

అనుభవం ఉన్న ఉపాధ్యాయులు ఇప్పటికే చేస్తున్న కొన్ని పనులకు ఒక క్రమం కల్పిస్తే ఆరంభానికి సరిపోతుంది. ఒకసారి ఒక అమరికే తీసుకోవాలి. మొదట నాలుగైదు వాక్యాల పేరా ఉపాధ్యాయులే రాయాలి, ఎందుకంటే పాఠ్యపుస్తకంలోని పేరాల్లో రెండు మూడు అమరికలు కలిసి ఉంటాయి. తర్వాత నల్లబల్ల మీద దాని రూపం గీయాలి: క్రమానికి గళ్ల వరుస, కారణానికి బాణం, పోలికకు రెండు నిలువు వరుసలు.

వేయి స్తంభాల గుడి, రామప్ప గుడి పోలికకు చక్కగా ఒదుగుతాయి. ఒకటి 1163లో రుద్రదేవుడు కట్టించినది, మూడు గర్భాలయాలున్న త్రికూటం. మరొకటి 1213లో రేచర్ల రుద్రుడు కట్టించినది, గర్భాలయం ఒక్కటే. ఒక గుడి గురించి మొత్తం చెప్పి రెండోదానికి వెళ్లవచ్చు, లేదా కాలం, కట్టించినవారు, గర్భాలయాలు అని అంశం వారీగా రెండింటినీ పక్కపక్కన చెప్పవచ్చు. రెండు పేరాలూ ఇచ్చి ఒకే పట్టిక నింపిస్తే, పైకి వేరుగా కనిపించే రాతల కింద ఉన్నది ఒకే అమరిక అని తెలుస్తుంది. చివర పిల్లలే ఒక పేరా రాయాలి. రాసేటప్పుడు పట్టుబడిన అమరిక చదివేటప్పుడు తొందరగా కనిపిస్తుంది.

జరిగే అవకాశం ఉన్న పొరపాటు ఒకటుంది. ‘అమరికలు ఎన్ని రకాలు, అవి ఏవి’ అన్న ప్రశ్నగా ఇది మారిపోవచ్చు. వ్యాకరణానికి పట్టిన గతే దీనికీ పడుతుంది, పిల్లలు ఐదు పేర్లు అప్పజెబుతారు. నిర్మాణాత్మక మూల్యాంకనాల్లో, అంటే ఏడాది మధ్యలో బడిలోనే జరిగే చిన్న పరీక్షల్లో, ‘ఈ పేరాలోని మూడో వాక్యం రెండో వాక్యానికి కారణమా, ఫలితమా, ఉదాహరణా? ఎలా చెప్పగలవు?’ అన్న తరహా ప్రశ్న ఒక్కటి చేరితే ఆ ప్రమాదం కొంత తగ్గుతుంది. దాన్ని తరగతి ఉపాధ్యాయులే రాసి, వారే దిద్దుతారు గనుక ఇబ్బంది లేదు. పదో తరగతి పబ్లిక్ పరీక్షలో మాత్రం లెక్క వేరు. స్పాట్ వాల్యుయేషన్‌లో తక్కువ రోజుల్లో లక్షల జవాబు పత్రాలు దిద్దాలి, అందరికీ ఒకే కీ ఉండాలి. ‘డంతో’ను ఒక విద్యార్థి కారణంగా, మరొకరు సమయంగా చదివి ఇద్దరూ సరైన ఆధారం చూపితే ఇద్దరికీ మార్కు ఇవ్వగల కీ తయారుకానంత వరకు, వాక్యాన్ని దించి రాసే ప్రశ్నలే ఆ ప్రశ్నపత్రంలో కొనసాగుతాయి. గైడ్లూ వాటినే అనుసరిస్తాయి.